పాత ఓఎస్‌కి ఏ బోర్డు? — పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి సంచీలో ఒకే రకం ఉత్తరాలు ఎక్కువగా ఉన్నాయి. కంపెనీ వదిలేసిన ఓఎస్‌ని (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ని), లేదా కంపెనీ ఒప్పుకోని చోట ఓఎస్‌ని నడపాలి, దానికి ఏ మదర్‌బోర్డు కొనాలి అని. ఒడిశా అంచునుంచి, మహారాష్ట్ర అంచునుంచి వచ్చినవి ఇక్కడ వేస్తున్నాం. కొత్త కంప్యూటర్ కొనేవాళ్లు ముందు ప్రాసెసర్ చూస్తారు. ఈ ఉత్తరాలు రాసినవాళ్లు మాత్రం ముందు ఓఎస్ పుట్టిన సంవత్సరం చూడాలి, ఆ తర్వాత బోర్డు వెనక ఉన్న పోర్టులు చూడాలి. ప్రాసెసర్ సంగతి ఆఖర్న.

ప్రశ్న: మా షాపులో శుభలేఖలు, కరపత్రాలు తెలుగులోనూ ఒడియాలోనూ చేస్తాం. పేజ్‌మేకర్ 7, పాత తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేరు, అన్నీ విండోస్ 7 మీదే. ఒడియా ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కి ప్రింటర్ పోర్టుకి తగిలించే లాకు ఒకటి ఉంది, అది లేకపోతే సాఫ్ట్‌వేరు తెరుచుకోదు. వానల్లో బోర్డు పోయింది. బరంపురంలో అడిగితే 12వ తరం బోర్డు వేసుకోండి, అందులోనే విండోస్ 7 వేసిస్తాం అంటున్నారు. నమ్మొచ్చా?
— డీటీపీ షాపు, పర్లాకిమిడి

వద్దండీ. 12వ తరం బోర్డు మీద విండోస్ 7ని ఏవో తిప్పలుపడి ఎక్కించినవాళ్లు ఉన్నారు గానీ అది షాపులో పెళ్లిళ్ల సీజన్‌కి పనికొచ్చే మిషను కాదు. కారణాలు మూడు. విండోస్ 7 తెర మీద బొమ్మ వేయడానికి పాత బయోస్ పద్ధతి కావాలి, అంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే, బోర్డు మీదున్న సెట్టింగుల ప్రోగ్రాంలో) సీఎస్‌ఎం అనే ఐచ్ఛికం ఉండాలి. ఇంటెల్ 500 సిరీస్ బోర్డుల నుంచి (మీకు చెబుతున్నది ఆ తర్వాతిదే) ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌తో సీఎస్‌ఎం పనిచేయదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి. రెండోది, ఆ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కి విండోస్ 7 డ్రైవరు అసలు లేదు. మూడోది యూఎస్‌బీ. విండోస్ 7 డిస్కులో యూఎస్‌బీ 3 డ్రైవరు ఉండదు. 2015లో వచ్చిన 100 సిరీస్ బోర్డుల నుంచి ఇంటెల్ పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్‌ని చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్య చిప్పు) నుంచి తీసేసింది. అంటే ఇన్‌స్టాలేషన్ మొదటి తెర వస్తుంది, ఆపైన మౌసు కదలదు, కీబోర్డు పలకదు.

మీకు సరిపోయేది హెచ్81 బోర్డు, 4వ తరం ప్రాసెసర్. ఐ3-4130 లేదా ఐ3-4150 పేజ్‌మేకర్‌కి ఎక్కువే. సాకెట్ ఎల్‌జీఏ1150. ర్యామ్ డీడీఆర్3. ఇందులో పాత యూఎస్‌బీ 2 కంట్రోలరూ ఉంది, గ్రాఫిక్స్‌కి విండోస్ 7 డ్రైవరూ ఉంది. పైగా 6 గిగాబిట్ల సాటా పోర్టులు రెండు ఉంటాయి, ఎస్ఎస్‌డీని వాటిలో ఒకదానికి తగిలించండి. 6వ తరం హెచ్110 మీద కూడా విండోస్ 7 పడుతుంది, మైక్రోసాఫ్ట్ మద్దతు ఇచ్చిన ఆఖరి తరం అదే. కానీ దానికి యూఎస్‌బీ డ్రైవర్లు కలిపిన పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవాలి, లేదా సాటా డీవీడీ డ్రైవు, గుండ్రటి పీఎస్/2 కీబోర్డు పెట్టుకుని ఎక్కించాలి. 7వ తరానికి వెళ్లకండి. దానికి విండోస్ 7 అప్‌డేట్లు ఇవ్వకుండా మైక్రోసాఫ్టే ఆపింది.

ఇక మీ లాకు. బోర్డు ఎంపికని తేల్చేది నిజానికి ఇదే. యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుగా మార్చే కేబుల్ బజారులో దొరుకుతుంది, దాన్ని కొనకండి. అది కంప్యూటర్‌కి ఒక యూఎస్‌బీ ప్రింటర్‌లా కనబడుతుంది తప్ప నిజమైన ఎల్‌పీటీ పోర్టు (పాత ప్రింటర్ పోర్టు, ప్యారలల్ పోర్టు అన్నా ఇదే) అవదు. లాకు సాఫ్ట్‌వేర్ 378 అనే చిరునామాకి వెళ్లి తలుపు కొడుతుంది, అక్కడ ఎవరూ ఉండరు. స్లాటులో పెట్టే ప్యారలల్ కార్డులకీ చిరునామా వేరే వస్తుంది, కొన్ని లాకులు దానికి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కాబట్టి బోర్డు మీదే ఎల్‌పీటీ ఉండాలి.

బోర్డు వెనక గులాబీ రంగు 25 రంధ్రాల పోర్టు ఉంటే సరే సరి. లేకపోతే బోర్డు కింది అంచున చూడండి. రెండు వరసల పిన్నులు, వరసకి 13 చొప్పున, 26వ పిన్ను విరిగినట్టు ఖాళీగా ఉంటుంది, పక్కన ఎల్‌పీటీ అని అచ్చువేసి ఉంటుంది. దానికి రిబ్బన్ వైరుతో బ్రాకెట్ విడిగా దొరుకుతుంది. రిబ్బన్‌లో ఎర్ర గీత ఉన్న వైపు 1వ పిన్ను దగ్గరికి రావాలి. హెచ్81 బోర్డులన్నిటికీ ఈ పిన్నులు ఉండవు. ఒకే కంపెనీలో ఒక మోడల్‌కి ఉండి, పక్క మోడల్‌కి ఉండకపోవచ్చు. ఫొటో తెప్పించుకుని చూసి గానీ డబ్బులు పంపకండి.

బయోస్‌లో సూపర్ ఐఓ అనే పేజీలో ప్యారలల్ పోర్టు ఎనేబుల్, చిరునామా 378, ఐఆర్‌క్యూ 7 పెట్టండి. మోడ్ ముందు నార్మల్ లేదా ఎస్‌పీపీ. లాకు దొరకలేదని సాఫ్ట్‌వేర్ అంటే ఈపీపీ చేసి చూడండి. విండోస్ 32 బిట్‌ది వేయండి. పాత లాకు డ్రైవర్లు 32 బిట్‌వి, అవి 64 బిట్ విండోస్‌లో ఎక్కవు. 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి ర్యామ్ వాడుకోదు గనుక 4 జీబీ ముక్క ఒకటి చాలు, 8 కొని డబ్బు పారేయకండి.

ఎక్కించే క్రమం ఇలా. బయోస్‌లో సీఎస్‌ఎం ఎనేబుల్, సెక్యూర్ బూట్ ఆఫ్ లేదా ఓఎస్ టైప్ దగ్గర అదర్ ఓఎస్, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ, ఎక్స్‌హెచ్‌సీఐ మోడ్ ఆటో. సాటా మోడ్‌ని ముందే పెట్టుకోవాలి, విండోస్ పడ్డాక మారిస్తే 7బి అని ముగిసే నీలం తెర వస్తుంది. పెన్‌డ్రైవ్‌ని నీలం రంగు పోర్టులో కాకుండా నల్ల పోర్టులో పెట్టండి. నీలం దాంట్లో పెడితే సీడీ డ్రైవు డ్రైవర్ లేదని ఒక వింత సందేశం వచ్చి ఆగుతుంది, చాలామంది డిస్కు పాడైందనుకుని నాలుగుసార్లు పెన్‌డ్రైవ్ తయారుచేస్తారు. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 పడ్డాక కేబీ4490628, ఆ తర్వాత కేబీ4474419, ఈ రెండు అప్‌డేట్లు ఇదే వరసలో వేయండి. ఇవి లేకపోతే 2019 తర్వాత సంతకం చేసిన డ్రైవర్లని విండోస్ నమ్మదు. తర్వాత చిప్‌సెట్, యూఎస్‌బీ 3, గ్రాఫిక్స్, సౌండు. డ్రైవర్లన్నీ బోర్డు కంపెనీ పేజీ నుంచి ముందే ఇంకో కంప్యూటర్‌లో దించి పెట్టుకోండి.

నెట్టు మాత్రం ఈ మిషనుకి తగిలించకండి. విండోస్ 7కి మామూలు మద్దతు 2020 జనవరి 14న పోయింది. డబ్బు కట్టిన సంస్థలకిచ్చే అప్‌డేట్లు కూడా 2023 జనవరితో ఆగాయి. క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. వాట్సాప్‌లో వచ్చే మ్యాటరు ఫోన్లోనో ఇంకో కంప్యూటర్‌లోనో తీసుకుని, ఒక పెన్‌డ్రైవ్‌ని ఇందుకే కేటాయించి అందులో అటూ ఇటూ మార్చుకోండి. గిడుగు వారు పనిచేసిన ఊళ్లో తెలుగు అక్షరాలు ఇంకా యూనికోడ్‌లోకి రాకుండా పేజ్‌మేకర్‌లోనే ఉన్నాయంటే కాస్త చివుక్కుమంటుంది గానీ, పాత ఫైళ్లు తెరవాల్సిన షాపు కష్టం మాకు తెలుసు.

లాకు గనక యూఎస్‌బీది అయ్యుంటే మా సలహా వేరేగా ఉండేది. కొత్త బోర్డు కొని, లినక్స్ వేసి, అందులో వర్చువల్‌బాక్స్ పెట్టి దానిలో విండోస్ 7 నడుపుకోమనేవాళ్లం. యూఎస్‌బీ లాకుని వర్చువల్ మిషనుకి అప్పగించొచ్చు. ప్రింటర్ పోర్టు లాకుకి ఆ మార్గం నమ్మకమైనది కాదు.

ప్రశ్న: మిర్చి లారీలు తూచే వేబ్రిడ్జి మాది. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ వైరు కంప్యూటర్‌కి వస్తుంది. ఫాక్స్‌ప్రోలో రాసిన బిల్లు ప్రోగ్రాం, విండోస్ ఎక్స్‌పీ. రాసిచ్చిన పిల్లగాడు ఇప్పుడు ఊళ్లో లేడు. ఎక్స్‌పీకి ఇప్పుడు బోర్డు దొరుకుతదా? నిజామాబాద్‌లో అడిగితే నవ్వుతున్నరు. యూఎస్‌బీ టు సీరియల్ వైరు పెడితే ఒకరోజు పనిచేస్తది, ఒకరోజు పనిచెయ్యది.
— ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

నవ్వితే నవ్వనీయండి, దొరుకుతుంది. ఎక్స్‌పీకి ఇంటెల్‌లో ఆఖరి స్టేషను 2వ లేదా 3వ తరం ప్రాసెసర్, సాకెట్ ఎల్‌జీఏ1155. మీకు హెచ్61 బోర్డు చాలు. ఐ3-2100, ఐ3-3220 వీటికి ఇంటెల్ ఎక్స్‌పీ గ్రాఫిక్స్ డ్రైవరు ఇచ్చింది. 4వ తరానికి ఇవ్వలేదు. హెచ్61 చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3 లేనే లేదు, మామూలు కొనుగోలుదారుకి అది లోటు, మీకు మాత్రం తలనొప్పి తక్కువ.

రెండు హెచ్చరికలు. 3వ తరం ప్రాసెసర్ పెడితే బోర్డు బయోస్ దానికి తగినంత కొత్తది అయ్యుండాలి. తొలి హెచ్61 బోర్డుల్లో పాత బయోస్ ఉంటే ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది. అప్‌డేట్ చేయడానికి 2వ తరం ప్రాసెసర్ అరువు తెచ్చుకోవాలి. అందుకని 2వ తరందే తీసుకోండి, వేబ్రిడ్జి బిల్లుకి అది చాలదా ఏమిటి. ఇక మెరిసే కొత్త పెట్టెలో హెచ్61 బోర్డులు వస్తున్నాయి. బోర్డు కొత్తదైనా చిప్‌సెట్ పాతదే. కొనొచ్చు, కానీ సీరియల్ పిన్నులు ఉన్నాయో లేదో చూడండి, చాలావాటికి తీసేశారు. బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్లలోంచి తీసిన పాత బోర్డుకి వెనకే 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉంటే అది మేలు. పాత పీసీఐ కార్డు ఏదైనా వాడుతున్నట్టయితే బీ75 బోర్డు వెతకండి. హెచ్61లో పీసీఐ స్లాటు ఉన్నా అది నడిమధ్యన ఇంకో చిప్పు ద్వారా వస్తుంది, బీ75కి చిప్‌సెట్‌లోనే ఉంది.

బోర్డు మీద కామ్ (సీరియల్ పోర్టు పేరు ఇదే) అని అచ్చువేసిన 9 పిన్నుల వరస ఉండి, బ్రాకెట్ విడిగా కొన్నారనుకోండి. ఇక్కడే మెకానిక్కులు రోజంతా పోగొట్టుకుంటారు. ఈ బ్రాకెట్ వైర్లు రెండు రకాలు, పైకి చూస్తే ఒకలాగే ఉంటాయి. ఒకదాంట్లో బోర్డు పిన్ను నంబరూ, పోర్టు పిన్ను నంబరూ ఒకటే, 1కి 1, 2కి 2. రెండోదాంట్లో రిబ్బన్ నేరుగా నొక్కేస్తారు, బోర్డు మీద 1, 3, 5, 7, 9 పిన్నులు పోర్టులో 1 నుంచి 5 అవుతాయి, 2, 4, 6, 8 పిన్నులు 6 నుంచి 9 అవుతాయి. తప్పు వైరు పెడితే పోర్టు విండోస్‌లో చక్కగా కనబడుతుంది, డేటా మాత్రం ఒక్క అక్షరం రాదు. తేల్చే ఉపాయం సులువు. కరెంటు తీసేసి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, ఒక మొన బోర్డు స్క్రూ రంధ్రం దగ్గర, రెండో మొన పిన్నుల మీద పెట్టండి. 5వ పిన్ను దగ్గర బీప్ వస్తే మొదటి రకం వైరు, 9వ పిన్ను దగ్గర వస్తే రెండో రకం. పిన్నుల లెక్క జాగ్రత్త: ఖాళీగా ఉన్న మూల 10వది, ఒకే వరసలో 1, 3, 5, 7, 9, పక్క వరసలో 2, 4, 6, 8.

మీ యూఎస్‌బీ వైరు ఒకరోజు పనిచేసి ఇంకోరోజు చేయకపోవడానికి కారణం ఎక్కువగా పోర్టు నంబరు. వైరు తీసి వేరే రంధ్రంలో పెడితే విండోస్ దానికి కామ్5, కామ్7 అని కొత్త నంబరు వేస్తుంది. పాత ప్రోగ్రాంలకి కామ్1 నుంచి కామ్4 దాకానే తెలుసు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి నంబరు మార్చొచ్చు. బోర్డు మీద అసలు పోర్టు ఉంటే ఈ బెడద ఉండదు, అది ఎప్పటికీ కామ్1. ఆ పోర్టు పెట్టాక కూడా అంకెల బదులు పిచ్చి గుర్తులు వస్తే అది బోర్డు తప్పు కాదు, వేగం కలవలేదు. ఇండికేటర్‌లో 2400 ఉంటే ప్రోగ్రాంలోనూ 2400 ఉండాలి, 9600 అయితే 9600. డేటా బిట్లు, ప్యారిటీ కూడా కలవాలి, 8 బిట్లు ప్యారిటీ లేకుండా ఒక పద్ధతి, 7 బిట్లు ఈవెన్ ప్యారిటీ ఇంకో పద్ధతి. ఇండికేటర్‌లో ఏది పెట్టారో దాని పుస్తకంలో ఉంటుంది.

ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈ పెట్టండి. ఎక్స్‌పీ డిస్కులో ఏహెచ్‌సీఐ డ్రైవరు ఉండదు, అలాగే మొదలుపెడితే నీలం తెర. ఎస్ఎస్‌డీ పెడుతున్నట్టయితే పార్టిషన్‌ని ముందు విండోస్ 7 డిస్కుతోనో లినక్స్‌తోనో చేసుకోండి. ఎక్స్‌పీ తానే చేస్తే 63వ సెక్టారు నుంచి మొదలుపెడుతుంది, ఎస్ఎస్‌డీకి అది కుదరదు, రాతలు నెమ్మదిస్తాయి. అన్నీ కుదిరాక క్లోన్‌జిల్లాతో డిస్కు మొత్తాన్ని ఇమేజ్ తీసి రెండు చోట్ల దాచండి. బోర్డు కొనేటప్పుడే అదే మోడల్ రెండోది కూడా కొనండి. వేరే మోడల్ బోర్డుకి ఈ డిస్కు తగిలిస్తే ఎక్స్‌పీ లేవకపోవచ్చు. అదే మోడల్ అయితే బోర్డు పోయిన రోజే గంటలో లారీ తూచొచ్చు.

పిడుగు సంగతి చెప్పకపోతే రెండు బోర్డులూ ఒకే ఏడు పోతాయి. వేబ్రిడ్జి అంటే మట్టిలో పాతిన పెద్ద ఇనప పళ్లెం. దాని దగ్గర ఎర్తు వేరు, గదిలో కంప్యూటర్ ఎర్తు వేరు. పిడుగు దగ్గర్లో పడితే ఆ తేడా అంతా సీరియల్ వైరు గుండా బోర్డులోకే వస్తుంది, ముందు పోయేది కామ్ పోర్టు చిప్పు. సీరియల్ వైరు 15 మీటర్లకి మించనీయకండి. మధ్యలో ఆప్టో ఐసోలేటర్ (రెండు వైపుల కరెంటునీ కలవనీయకుండా వెలుతురు ద్వారా డేటా దాటించేది) పెట్టండి, కాటా సర్వీసు చేసేవాళ్లకి ఇది తెలిసిన వస్తువే. మృగశిర ముందరి ఉరుముల్లో వైరు పీకి పెట్టడం అన్నిటికంటే చవక.

ప్రశ్న: బీటెక్ పూర్తిచేశాను. మాక్ కొనే స్తోమత లేదు. హ్యాకింతోష్ (మామూలు పీసీ మీద మాక్‌ఓఎస్) కట్టాలని ఉంది, వీడియో ఎడిటింగ్‌కీ, ఐఫోన్ యాప్‌లకీ. ఏ బోర్డు తీసుకోమంటారు?
— రాయగడ

ముందు రెండు మాటలు. ఆపిల్ లైసెన్సు మాక్‌ఓఎస్‌ని ఆపిల్ కంప్యూటర్ల మీదే అనుమతిస్తుంది, అది తెలిసే దిగండి. రెండోది, ఇంటెల్ ప్రాసెసర్లకి మాక్‌ఓఎస్ 26 టాహో ఆఖరిదని ఆపిల్ 2025 జూన్‌లోనే చెప్పేసింది. ఇప్పుడు కొత్తగా డబ్బు పోసి కట్టడం గోదారి ఎండాక వల కొనడం లాంటిది. యాప్‌లు స్టోరుకి పంపాలంటే ఎక్స్‌కోడ్ కొత్తది కావాలి, అది కొత్త మాక్‌ఓఎస్‌నే అడుగుతుంది. యాప్‌లే బతుకుతెరువు అనుకుంటే సెకండ్ హ్యాండ్ ఎం1 మాక్ మినీకి దాచుకోండి.

ఎడిటింగ్‌కి, నేర్చుకోవడానికి అయితే 10వ తరం ఇంటెల్ దగ్గర ఆగండి. సాకెట్ ఎల్‌జీఏ1200, బోర్డు బీ460 లేదా జెడ్490, ప్రాసెసర్ ఐ5-10400. పేరు చివర ఎఫ్ ఉన్నది తీసుకోకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు. యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌కే మాక్‌ఓఎస్‌లో డ్రైవరు ఉంది. అదే సాకెట్‌లో పట్టే పెంటియం జీ6400కి యూహెచ్‌డీ 610 వస్తుంది, అది పనికిరాదు. 11వ తరం నుంచి గ్రాఫిక్స్‌ని మాక్‌ఓఎస్ గుర్తుపట్టదు. విడి కార్డు పెడితే ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 580 లేదా ఆర్ఎక్స్ 6600. ఎన్‌విడియా కార్డు ఎవరైనా ఊరికే ఇచ్చినా ఇందుకు తీసుకోకండి. జీటీఎక్స్ 10 సిరీస్ హై సియెరా దగ్గరే ఆగిపోయింది, ఆర్‌టీఎక్స్‌కి ఎప్పుడూ డ్రైవరు రాలేదు.

బోర్డు చూసేటప్పుడు నెట్‌వర్క్ చిప్పు ఇంటెల్ ఐ219-వీ గానీ, రియల్‌టెక్ ఆర్‌టీఎల్8111 గానీ ఉంటే నిశ్చింత. 2.5 గిగాబిట్ ఇంటెల్ ఐ225-వీ ఉన్న బోర్డులు తిప్పలు పెడతాయి. సౌండు చిప్పు ఏఎల్‌సీ887, ఏఎల్‌సీ1200 లాంటివి అందరూ దారి వేసినవే. బయోస్‌లో సీఎస్‌ఎం ఆఫ్, సెక్యూర్ బూట్ ఆఫ్, వీటీ-డీ ఆఫ్, అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్, సాటా ఏహెచ్‌సీఐ. సీఎఫ్‌జీ లాక్ అనే ఐచ్ఛికం కనబడితే ఆఫ్ చేయండి. కొన్ని బోర్డుల్లో అది దాచి ఉంటుంది, అప్పుడు ఓపెన్‌కోర్‌లో (మామూలు పీసీ మీద మాక్‌ఓఎస్‌ని బూట్ చేయించే సాధనంలో) ఆపిల్ ఎక్స్‌సీపీఎమ్ సీఎఫ్‌జీ లాక్ అనే మీట నొక్కాలి.

మొదటిసారి కట్టేవాళ్లని ఎక్కువగా ఏడిపించేది యూఎస్‌బీ లెక్క. మాక్‌ఓఎస్ ఒక కంట్రోలర్‌కి 15 పోర్టులే ఒప్పుకుంటుంది. మీ కంటికి ఒక్కటిగా కనబడే నీలం యూఎస్‌బీ 3 రంధ్రం దాని లెక్కలో రెండు, పాత వేగానికి ఒకటి, కొత్త వేగానికి ఒకటి. బోర్డుకి నీలంవి ఆరు ఉన్నాయంటే 12 అయిపోయాయి. నల్లవి నాలుగు కలిపితే 16. ఒకటి రాలిపోతుంది, ఏది రాలుతుందో మీ చేతిలో ఉండదు. పొరపాటున అది కీబోర్డు రంధ్రమే అయితే ఇన్‌స్టాలేషన్ మధ్యలో బిగుసుకుపోతారు. అందుకే ముందే విండోస్‌లో ఒక్కో రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, వాడని వాటిని కొట్టేసి, 15 లోపు పట్టిక తయారుచేసుకుని ఓపెన్‌కోర్‌కి ఇవ్వాలి. కేసు ముందున్న పోర్టులూ, బోర్డు మీద బ్లూటూత్ కార్డు వాడుకునే పోర్టూ కూడా ఈ లెక్కలోకే వస్తాయి, మరిచిపోకండి.

ప్రశ్న: నాది హెచ్110 బోర్డు. ఐ3-8100 చవగ్గా దొరికితే కొన్నాను. సాకెట్ 1151 అనే రాసి ఉంది, చక్కగా కూర్చుంది కూడా. తెర రావట్లేదు. ప్రాసెసర్ పోయినట్టేనా?
— కిన్వట్

పోలేదు. సాకెట్ పేరు ఒకటే అయినా 8వ తరానికి 300 సిరీస్ బోర్డు కావాలి, హెచ్310 గానీ బీ360 గానీ. 100, 200 సిరీస్ బోర్డులు 6, 7 తరాలకే. కరెంటు పిన్నుల ఏర్పాటు మారింది. బయోస్ అప్‌డేట్‌తో తీరేది కాదు. ప్రాసెసర్ అమ్మేయకండి, బోర్డే మార్చండి. ఐ3-8100, హెచ్310 కలిస్తే విండోస్ 11కి అధికారికంగా మద్దతు ఉన్న అన్నిటికంటే చవకైన జోడీల్లో అదొకటి. మీ పాత కూలరు దీనికీ పనికొస్తుంది, రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లే. పాత హెచ్110కి మీరు వాడినది డీడీఆర్4 ర్యామ్ అయితే అదీ పనికొస్తుంది. డీడీఆర్3 హెచ్110 బోర్డులూ వచ్చాయి, అది అయితే ర్యామ్ కూడా కొనాలి.

ప్రశ్న: మీసేవ లాంటి ఆన్‌లైన్ సెంటరు నడుపుతాను. విండోస్ 10 అప్‌డేట్లు ఆగిపోయాయి. నా హెచ్61 బోర్డు మీద విండోస్ 11 వేసిస్తాం అని మంచిర్యాలలో అంటున్నారు. వేయించుకోనా? టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు) ముక్క కొనాలా?
— సిరోంచ

వేయొచ్చు. రూఫస్ అనే సాధనంతో పెన్‌డ్రైవ్ చేసేటప్పుడే టీపీఎం, సెక్యూర్ బూట్ తనిఖీలు తీసేసే ఐచ్ఛికం ఉంది. విండోస్ 11 24హెచ్2 నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు ఉండాలి, మీ 2, 3 తరాలకి అవి ఉన్నాయి గనుక పడుతుంది. కోర్ 2 డుయో అయితే బూటే అవదు. టీపీఎం ముక్క కొనడం దండగ, అది ఉన్నా మీ ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలోకి రాదు.

చిక్కు తర్వాత వస్తుంది. నెలనెలా వచ్చే అప్‌డేట్లు వస్తుండవచ్చు, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం దానంతట అది రాదు, ప్రతిసారీ మళ్లీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని చేతితో ఎక్కించాలి. జనం ఆధార్ వేలిముద్రలు, బ్యాంకు పనులు మీ కౌంటర్ మీద చేస్తారు. అలాంటి మిషను మద్దతు లేని దారిలో నడపకూడదని మా ఉద్దేశం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మద్దతు ఆగింది, ఇంట్లో వాడేవాళ్లకి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 దాకా ఉంది. ఈ లోపల పైన కిన్వట్ వారికి చెప్పిన జోడీ వెతకండి. వేలిముద్ర పరికరం డ్రైవరు విండోస్ 11కి ఉందో లేదో పరికరం కంపెనీ పేజీలో చూసుకున్నాకే పాతది తీయండి.

సెకండ్ హ్యాండ్ బోర్డు కొనేటప్పుడు చూడాల్సినవి అందరూ అడుగుతున్నారు గనుక ఇక్కడే. ప్రాసెసర్ తీయించి సాకెట్‌లోకి ఫోన్ లైటు ఏటవాలుగా వేయండి. పిన్నులన్నీ వరి నారులా ఒకే వైపుకి వంగి, ఒకే మెరుపుతో కనబడాలి. ఒక్కటి మెరవకపోయినా, అడ్డం తిరిగినా వద్దనండి. ర్యామ్ ముక్కని రెండు స్లాట్లలోనూ మార్చి మార్చి బూట్ చేయించండి, చాలా బోర్డులకి ఒక స్లాటు పోయి ఉంటుంది, అమ్మేవాడు రెండోదాంట్లో పెట్టి చూపిస్తాడు. వెనక యూఎస్‌బీ, సౌండు పోర్టుల దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటే వాన గదిలో ఉన్న బోర్డు అది. కరెంటు తీసి పది నిమిషాలాగి మళ్లీ ఆన్ చేసినప్పుడు తేదీ వెనక్కి పోతే భయపడక్కర్లేదు, సీఆర్2032 బ్యాటరీ మార్చుకుంటే చాలు.

ప్రశ్న: ఏఎమ్‌డీ బీ450 బోర్డు మీద ఉబుంటు వేశాను. ఎమ్.2 వైఫై కార్డు ఏఎక్స్201 కొన్నాను, కనబడటమే లేదు. లినక్స్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?
— జైపూర్, కొరాపుట్ జిల్లా

డ్రైవరుతో పనిలేదు, కార్డే మీ బోర్డుది కాదు. ఏఎక్స్201 సగం కార్డే. మిగతా సగం ఇంటెల్ చిప్‌సెట్ లోపల ఉంటుంది, ఈ ఏర్పాటుని సీఎన్‌వీఐ అంటారు. స్లాటులో దిగుతుంది గానీ ఏఎమ్‌డీ బోర్డు మీద విండోస్ వేసినా కనబడదు. ఏఎక్స్200 లేదా ఏఎక్స్210కి మార్పించుకోండి, ఇవి పూర్తి కార్డులు. ఏఎక్స్210కి లినక్స్ కెర్నెల్ 5.10 లేదా ఆపైది ఉండాలి. టెర్మినల్‌లో యూనేమ్ -ఆర్ (uname -r) ఆదేశం ఇస్తే మీ కెర్నెల్ నంబరు చెబుతుంది.